ఇంటర్నెట్ మేడమ్‌గారూ, మా ఆయనా

మా ఆయనకి రొయ్యల చెరువులు. భీమవరం చుట్టుపక్కల ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మనిషి ఎలాంటివాడో అందరికీ అర్థమైపోతుంది. చదివేవాళ్లంతా మా వైపువాళ్లే కానక్కర్లేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రొయ్య నీళ్లలో ఉంటుంది. కనపడదు, అరవదు, ఒంట్లో నలతగా ఉందని కబురు పెట్టదు. దాని యోగక్షేమాలు తెలియాలంటే చెక్ ట్రే ఒక్కటే దారి. వలగుడ్డ బిగించిన పళ్లెంలో కాస్త మేత వేసి తాడుతో నీళ్లలోకి దించుతారు. కాసేపు ఆగి పైకి లాగి చూస్తారు. మేత అయిపోయిందా, రొయ్య కులాసా. మిగిలిందా, ఆ పూట మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

ఆయన గొప్పతనం ఏమిటంటే, ఈ పద్ధతిని ఇంట్లోకి కూడా తీసుకొచ్చారు. భోజనాలయ్యాక మా అమ్మాయి కంచం ఎత్తి, వెలుతురు వైపు వంచి, కంసాలి బంగారం చూసినట్టు చూసేవారు.

"బీరకాయ ముక్కలు వదిలేసిందేంటే? జ్వరమేమన్నా తగిలిందా?"

"బీరకాయ తగిలిందండి," అనేదాన్ని.

నా కంచమూ చూసేవారు. చుట్టాలొస్తే వాళ్ల కంచాలూ చూసేవారు. మా పెద్దాడపడుచు భర్తగారు ఓసారి పప్పు వదిలేసిన పాపానికి, బీపీ చూపించుకునేదాకా ఆయన్ని వదల్లేదు. పాపం ఆయన కాకినాడ వెళ్లి, అన్ని పరీక్షలూ చేయించుకుని, పప్పులో ఉప్పు ఎక్కువైందని తేల్చుకుని వచ్చారు. ఫ్యాను ఎంత వేగంతో తిరగాలి, కిటికీ ఏ రెక్క తెరవాలి, తడిగుడ్డ ఏ కొసన ఆరెయ్యాలి, అన్నీ ఆయనే. మా పాలవాడు గేటు దగ్గర చెప్పులు ఏ దిక్కుకి విప్పాలో కూడా ఆయనే చెబుతారని ఊళ్లో అనుకునేవారు. అది మాత్రం అబద్ధం. నేనే పుట్టించాను.

నాకు ఇదంతా నవ్వులాటగానే ఉండేది. పెళ్లైన కొత్తల్లో ఏడుపొచ్చేది, తరవాత నవ్వొచ్చేది. మా అమ్మాయికి మాత్రం నవ్వు రావడం ఆగిపోయిందని నేను గమనించలేదు.

అది పదో తరగతికొచ్చింది. భీమవరంలో లెక్కల ట్యూషన్‌కి ఒక్కతే బస్సులో వెళ్తానంది. ఈ విషయం మీద మా ఇంట్లో జరిగినన్ని చర్చలు దేశాల మధ్య యుద్ధాలు ఆపడానికి కూడా జరిగి ఉండవు. చివరికి ఆయన ఒప్పుకున్నారు. అమ్మాయి బస్సెక్కింది. నేను బస్సు కిటికీ వైపు చెయ్యి ఊపి ఇంటికొచ్చాను. ఆయన చెరువు గట్టుకి వెళ్తున్నానని చెప్పి మోటారు సైకిలు తీశారు. తీసి, బస్సు వెనకాలే వెళ్లారు.

గుర్తుపట్టకూడదని హెల్మెట్టు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో మా తాలూకా మొత్తానికి హెల్మెట్టు పెట్టుకునే మనిషి లేడు. రోడ్డు మీద ఆ వేషం చూసి గేదెలు పక్కకి తప్పుకున్నాయట. బస్సు ఆగిన ప్రతి చోటా ఈయన ఆగేవారు, కదిలితే కదిలేవారు. బస్సులో వాళ్లంతా మెడలు వెనక్కి తిప్పేశారు. ఆఖరికి కండక్టరు తలుపు దగ్గర నించుని గట్టిగా కేకేశాడు.

"ఏవండోయ్! లోపల సీట్లు ఖాళీగానే ఉన్నాయండి! అమ్మాయిగారి పక్కనే కూర్చోవచ్చు కదండీ, పెట్రోలు దండగెందుకండీ?"

బస్సంతా నవ్వింది. అమ్మాయి ఒక్కతే నవ్వలేదు.

ఇంటికొచ్చి అరిచి ఉంటే బాగుండేది. అరుపుకి ఆయన దగ్గర జవాబు ఉండేది, అరిచే మనిషికి మంచినీళ్లు ఎంత తాగించాలో కూడా ఆయనకి తెలుసు. అది అరవలేదు. మాట్లాడటం మానేసింది. మొదట్లో "అమ్మా, నాన్నగారిని కాస్త జరగమను" అని నా మీదుగా పంపేది. తరవాత అదీ లేదు. ఆయన గదిలోకొస్తే పుస్తకం పట్టుకుని వంటింట్లోకొచ్చేది. పరీక్షలయ్యాక విజయవాడలో హాస్టల్లో చేరతానంది. అది మామూలే, మా వైపు పిల్లలంతా వెళ్లేవాళ్లే. ఆ వెనకే, సెలవులకి కూడా రానని అంది.

ఓ రోజు మధ్యాహ్నం ఆయన అన్నంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయారు.

"అది నాతో మాట్లాడటం లేదేంటే," అన్నారు.

నా దగ్గర ఎప్పుడూ నాలుగైదు జోకులు సిద్ధంగా ఉంటాయి. ఆ పూట ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన కంచంలో కూర మొత్తం మిగిలిపోయి ఉంది.

"ఎవరినైనా అడుగుదామాండీ?" అన్నాను.

"ఎవరిని?"

అదే చిక్కు. భీమవరంలో మనసు డాక్టరు ఇంటి ముందు మోటారు సైకిలు ఆపితే, స్టాండు వేసేలోపు మా ఊళ్లో తెలిసిపోతుంది. దిగేలోపు పక్క ఊరికీ, లోపలికెళ్లేలోపు ఆకివీడుకీ పాకుతుంది. కాకినాడలో బంధువులు, రాజమండ్రిలో ఇంకా ఎక్కువమంది బంధువులు. అప్పుడే ఓ వారపత్రికలో చదివాను, కంప్యూటర్లోనే కౌన్సెలింగ్ చేసేవాళ్లు ఉన్నారని. మనిషి ఎదురుగా ఉండక్కర్లేదు, టైపు చేసుకుంటే చాలట. ఆయనకి ఇది నచ్చింది. అవతలి మనిషి కంచం ఎలాగూ కనపడదు, మాట్లాడటానికి తేలిక అనుకున్నారేమో.

భీమవరంలో ఎరువుల కొట్టు మేడ మీద ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అగ్గిపెట్టెల్లాంటి ప్లైవుడ్ గదులు. అందులో కుర్రకారు తప్ప ఎవరూ ఉండరు. మేమిద్దరం ఒకే గదిలోకి దూరితే ఓనరు అదోలా చూశాడు. మా ఆయన జేబురుమాలుతో కీబోర్డు తుడిచి, కుర్చీ వంకర సరిచేసి, "ఊ, కొట్టు," అన్నారు. ఆయనకి టైపు రాదు. నాకు కుడిచేతి చూపుడువేలొక్కటే వచ్చు. దానితోనే ఆ రోజుల్లో నేను ఒక శాస్త్రవేత్తననుకునేదాన్ని.

కంట్రోల్ ప్రాబ్లమ్ అని ఇంగ్లీషులో కొట్టాను. బొద్దింకలు వచ్చాయి. దోమలు వచ్చాయి. చక్కెర వ్యాధి, టీవీ రిమోటు, చెదపురుగులు కూడా వచ్చాయి. ఆయన చెదల పేజీ మొదలుపెట్టి చివరిదాకా చదివారు.

"మనం వెతికేది మీ కోసమండి, చెదల కోసం కాదు."

"ఉండవే, ఇందులో మంచి మందు రాశారు."

చాలాసేపు తవ్వగా తవ్వగా ఒకావిడ దొరికారు. బెంగుళూరులో ఉంటారు. తెలుగు కూడా వచ్చని రాసుంది. ఫొటోలో కళ్లజోడు, కాటన్ చీర. ఆయన ఫొటోని చాలాసేపు పరీక్షించి, "నిద్ర సరిగ్గా పోతున్నట్టు లేదీవిడ," అన్నారు. అయినా ఒప్పుకున్నారు. ప్రతి శనివారం పొద్దున్న అపాయింట్‌మెంటు.

మొదటి శనివారం మేడమ్‌గారు నమస్కారం పెట్టారు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆయన వెంటనే, "మీది ఏ జిల్లా అండి? పెళ్లైందాండి? అని కొట్టు," అన్నారు.

కొట్టాను. కాసేపాగి జవాబొచ్చింది. "ఇవి తెలియకపోతే మీకు మాట్లాడటం కష్టంగా ఉంటుందా?"

"చూశావా!" అన్నారు ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని. "సామాన్యురాలు కాదు."

ఆయన చెబుతుంటే నేను కొట్టాలి. అదీ ఏర్పాటు. అయితే ఆయన చెప్పడం ఒక ఎత్తు, నా వేలిని నడిపించడం ఇంకో ఎత్తు. "చుక్క పెట్టావా? రెండు మాటల మధ్య అంత జాగా ఎందుకే? ఆ అక్షరం కాదు, పక్కది." ఓసారి ఆయన "నేను ఇంట్లో ఎవరినీ ఏమీ అననండి" అన్నారు. నేను "నేను ఇంట్లో అందరినీ అన్నీ అంటానండి" అని కొట్టాను. మేడమ్‌గారు "చాలా నిజాయితీగా చెప్పారు" అని మెచ్చుకున్నారు. ఆయన ఎంత పొంగిపోయారో చెప్పలేను. దారి పొడుగునా మోటారు సైకిలు మీద ఈల వేశారు.

తరవాతి వారం బస్సు సంగతంతా విని మేడమ్‌గారు ఇంటిపని ఇచ్చారు. ఒక వారంపాటు అమ్మాయికి ఏమీ చెప్పకండి, సలహా ఇవ్వకండి, ఊరికే గమనించండి అన్నారు.

ఊరికే గమనించడం అంటే రొయ్యల రైతుకి ఏం అర్థమవుతుందో బెంగుళూరు ఆవిడకి ఎలా తెలుస్తుంది? ఆయన ఆ పని మహా భక్తిగా చేశారు. అమ్మాయి భోంచేస్తుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నోరు మెదపకుండా, రెప్ప వెయ్యకుండా చూశారు. అమ్మాయి నీళ్లు తాగితే గొంతు దగ్గర చూశారు. చదువుకుంటుంటే గుమ్మంలో నించుని చూశారు. ముందు మాటైనా ఉండేది, ఇప్పుడు ఒట్టి చూపులు. అది కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. ఈయన కిటికీ దగ్గరికెళ్లారు.

"ఒక్క మాటన్నానా?" అన్నారు నాతో, ఎంతో గర్వంగా.

ఆ వారమే అమ్మాయి సూట్‌కేసు అటక మీంచి దించి తుడుచుకుంది. పరీక్షలు కూడా అవ్వలేదింకా. ఆయన ఆ సూట్‌కేసు పక్కనుంచి, పాము పక్కనుంచి వెళ్లినట్టు వెళ్లేవారు.

శుక్రవారం నేను పండుగొప్ప చేప కోస్తుంటే కత్తిపీట నా కుడి చూపుడువేలికి తగిలింది. గాయం ఆవగింజంత. కట్టు గుమ్మడికాయంత కట్టుకున్నాను. ప్రసవానికి కూడా అంత మూలిగి ఉండను.

"రేపు మేడమ్‌గారికి ఎవరు కొడతారు?" అన్నారాయన.

నేను అమ్మాయి దగ్గరికి వెళ్లి వేలు చూపించాను. బడిలో అది టైపింగులో ఫస్టు.

"నాన్నగారికి కంప్యూటర్లో ఒక మేడమ్‌గారితో పనుందమ్మా. కాస్త నువ్వొచ్చి కొట్టిపెట్టాలి."

"ఏం పని?"

"బస్సు వెనకాల వెళ్లకుండా ఉండటం నేర్చుకుంటున్నారు."

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. నా కట్టు వంక ఇంకా ఎక్కువసేపు చూసింది. పుస్తకం మూసి, రేపు ఎన్నింటికి అని అడిగింది.

బస్సులో ఆయన ముందు సీట్లో, అది వెనక సీట్లో, మధ్యలో నేను సరిహద్దు రాయిలాగా. ప్లైవుడ్ గదిలో మూడు కుర్చీలు పట్టవు, నేను నించున్నాను. తెర మీద వచ్చింది నేను చదవాలి, ఆయన చెప్పాలి, అమ్మాయి కొట్టాలి.

ఈ వారం ఎలా గడిచిందని అడిగారు మేడమ్‌గారు. ఆయన గొంతు సవరించుకుని రొయ్యల బరువు గురించి, కరెంటు కోత గురించి, చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్ల రిపేరు గురించి పద్ధతిగా చెప్పుకొచ్చారు. అమ్మాయి వేళ్లు వడగళ్లలాగా టకటకా పడ్డాయి. చుక్కల గురించి, జాగాల గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

తరవాతి ప్రశ్న నేను చదవడానికి కాస్త తడబడ్డాను. "ఆ రోజు మీరు బస్సు వెనకాల వెళ్లకపోతే, ఏమవుతుందనుకున్నారు?"

"ఏమీ అవదండి," అన్నారాయన.

అమ్మాయి కొట్టింది. మొహం తెర వైపే ఉంది.

"అయినా వెళ్లారు," అని వచ్చింది.

కింద ఎరువుల కొట్లో బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన తన అరచేతుల్లోకి చూసుకుంటూ మొదలుపెట్టారు.

"ఓ ఏడు టైగర్ రొయ్య వేశామండి. బ్రహ్మాండంగా పెరిగింది. రాజమండ్రిలో పెళ్లికి వెళ్లాల్సొచ్చింది. వెళ్లేముందు ట్రే లాగి చూశాను, మేత నలుసు లేకుండా తినేసింది. బాగుంది కదాని సాయంత్రం చూడమని ఎవరికీ చెప్పలేదండి. ఆ ఒక్క పూట. మర్నాడొచ్చేసరికి గట్టంతా కాకులు. రొయ్యలన్నీ ఒడ్డునే పడున్నాయి, చేత్తో తీస్తే పెంకు మీద తెల్ల మచ్చలు. నేను చూసినా బతికేవి కావండి, ఆ జబ్బుకి మందు లేదు, నాకు తెలుసు. కానీ నేను చూడని పూటే పోయాయి. అమ్మాయి రొయ్య కాదండి. అదీ తెలుసు. కానీ అది బస్సెక్కి అలా మలుపు తిరిగేసరికి నాకు..."

టకటకలు ఆగిపోయాయి.

"కాస్త మెల్లిగా చెప్పండి నాన్నగారూ," అంది అమ్మాయి, తల తిప్పకుండానే. "నేనింకా కాకుల దగ్గరే ఉన్నాను."

నేను ప్లైవుడ్ గోడ పట్టుకున్నాను.

"ఆ... కాకులు," అన్నారాయన. "గట్టంతా కాకులమ్మా. నల్లగా. గట్టు కనపడలేదు."

"అప్పుడు నేనెక్కడున్నానండి?"

"నా భుజం మీద. పెళ్లి బట్టలతోనే వచ్చేశాం కదా, నీకు పట్టు పరికిణీ. హుష్ హుష్ అని కాకుల్ని తోలావు. ఒక్కటీ లేవలేదు. కిందకి దింపమని గోల. దిగి, మట్టిగడ్డలు ఏరి విసిరావు."

"తగిలాయా?"

"ఒకటి నాకు తగిలింది."

అది నవ్వింది. పెద్ద నవ్వేం కాదు, ముక్కులోంచి వచ్చే నవ్వు. కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. మీరప్పుడు ఏడ్చారా అని అడిగింది. ఆయన లేదన్నారు, తరవాత అవునన్నారు. ఆ ఏడు తనకి బడి ఫీజు ఎలా కట్టారని అడిగింది. నీకెందుకవన్నీ అనబోయి ఆగి, చెప్పడం మొదలుపెట్టారు. నేను అదే ఇంట్లో ఉండి వినని సంగతులు కొన్ని ఆ అగ్గిపెట్టె గదిలో విన్నాను.

తెర మీద మేడమ్‌గారు "ఉన్నారా?" అని అడిగారు. వీళ్లిద్దరిలో ఎవరూ చూడలేదు. కాసేపాగి మళ్లీ "ఉన్నారా అండి?" అని వచ్చింది. నేను వాళ్లిద్దరి మధ్యలోంచి వంగి, ఎడంచేత్తో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ, "ఉన్నారండి" అని కొట్టాను.