జీవరత్నమ్మ పేరు పెట్టిన గది

పలాసలో జీడిపప్పు నోట్లో వేసుకోని ఇల్లు ఉండొచ్చు గానీ, జీడిరసానికి చేతులు నల్లబడని వీధి ఉండదు. జీవరత్నమ్మ అలాంటి వీధిలోనే పుట్టి, పదహారో ఏట వైకుంఠరావు మిల్లులో జీడిపిక్కలు కొట్టే బల్ల ముందు కూర్చుంది. ఇరవై రెండేళ్లు అక్కడే కూర్చుంది. ఆముదమూ బూడిదా ఎంత పూసుకున్నా పిక్కలోంచి చిమ్మే రసం ఊరుకోదు. ముందు గోళ్లు నల్లబడ్డాయి, తర్వాత అరచేతులు మాడాయి, చివరికి బొటనవేలి మీది గీతలన్నీ చెరిగిపోయాయి. రేషను డిపోలో మిషను మీద ఎన్నిసార్లు వేలు నొక్కినా అది ఆమెను గుర్తుపట్టేది కాదు.

మిషను సంగతి పోనీ, యజమానికైనా మనిషి గుర్తుండాలి కదా. సాయంత్రం మిల్లు గేటు దగ్గర వైకుంఠరావు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆడవాళ్లు వరసలో వచ్చి, ఆయన ముందు ఆగి, కొంగు దులిపి చూపించి వెళ్లాలి. ఒక్క పప్పు బద్ద రాలిందా, ఆ మనిషికి ఆ వారమంతా పని లేనట్టే. ఆయన కొంగులే చూసేవాడు గానీ మొహాలు ఏనాడూ చూడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఆయన కొంప ముంచింది ఈ అలవాటే.

ఆరేళ్ల కిందట మిల్లులో గొట్టం పగిలి మరిగే జీడినూనె జీవరత్నమ్మ ఎడమచేతి మీద పడింది. రెండు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆమె కేసు వేసింది. విచారణకు వైకుంఠరావు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, "ఈ మనిషి మా మిల్లులో ఎన్నడూ అడుగు పెట్టలేదు" అని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాడు. మిల్లు కూలీ రిజిస్టరులో వేలిముద్రలన్నీ నల్లటి మరకలే, విచారణలో ఆమె వేసిన వేలిముద్ర ఇంకో మరక. ఏ మరకకు ఏ మరకను కలుపుతారు? సాక్షిగా పిలిచింది సుధారాణిని. పదిహేనేళ్లు పక్క బల్ల మీద కూర్చుని, ఒకే క్యారేజీలో అన్నం కలుపుకుని తిన్న మనిషి. ఆ మహాతల్లి నేలచూపులు చూస్తూ, "నాకీవిడ తెలవదండి" అంది. కేసు అక్కడితో పోయింది.

కేసు పోతే పోయింది, పేరు కూడా పోయింది. కుళాయి దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, ఆఖరికి చర్చి మెట్ల మీద కూడా "దొంగ కేసు జీవరత్నం" అన్నారు. వేళ్లు పోయినప్పుడు ఆమె ఆసుపత్రిలో పళ్లు బిగించి పడుకుంది గానీ ఏడవలేదు. ఆ పేరు వచ్చాక ఏడ్చింది. కన్నీళ్లు అయిపోయాక మిగిలింది కడుపుమంట ఒక్కటే. భర్త పోయిన ఒంటిమనిషి, ఆ మంటను ఎవరితో పంచుకుంటుంది? ఆదివారం చర్చిలో అందరూ గొంతు కలిపి ప్రార్థన చెబుతుంటే, మాకు కీడు చేసిన వాళ్లను క్షమించాం అనే వాక్యం దగ్గర నోరు మూసుకునేది. అది దాటాక మళ్లీ అందుకునేది. పాస్టరు గారు గమనించి ఒకటి రెండుసార్లు అడిగారు కూడా. "అబద్దం ఆడమంతారేటి పాస్టరు గారూ?" అంది. ఆయన మరి అడగలేదు.

ఇలా ఉండగా వైకుంఠరావు పప్పు కొనే వ్యాపారుల వెంట నార్వే దేశం వెళ్లొచ్చాడు. అక్కడ కొండల మధ్యకు సముద్రం పొడుగ్గా చొచ్చుకొచ్చే చోటును ఫ్యోర్డ్ అంటారట. ఆ ఒడ్డున ఎనిమిది గదుల చిన్న చెక్క హోటల్లో దిగాడు. ప్లాస్టిక్ సీసా లేదు, టీవీ లేదు, సబ్బు కూడా ఇంట్లో చేసిన బెత్తెడు ముక్క. ఏమీ ఇవ్వకపోగా ఎక్కువ డబ్బు తీసుకుంటున్నారని తెలిసి ఆయనకు కళ్లు తిరిగాయి. ప్రతి గదికీ ఆ ఊళ్లో కష్టపడి బతికిన ఒక మనిషి పేరు ఉంది. వల అల్లిన ముసలాయన, చేపలు ఎండబెట్టిన విధవరాలు, గోడ మీద వాళ్ల ఫొటోలు. పొద్దున్నే ఆ హోటలు యజమానురాలు సోల్వై టిఫిను వడ్డిస్తూ వాళ్ల కథలు చెబుతుంటే, అతిథులు చెంచాలు కింద పెట్టి వినేవారట.

ఏడాది తిరక్కుండా వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున, కొబ్బరి తోటలో, వైకుంఠరావు హోటలు లేచింది. తాటాకు కప్పు, మట్టి గోడలు, కుండలో నీళ్లు. పేరు 'ఉద్దానం ఫ్యోర్డ్'. కనుచూపు మేరలో ఒక్క కొండ లేదు, అయినా ఫ్యోర్డే! సోల్వై వచ్చి చూసి బాగుందని తన దేశంలో రాస్తే తప్ప అతిథులు రారు కాబట్టి, ప్రారంభానికి ఆమెనే పిలిచాడు. గదులకు పేర్లూ ఫొటోలూ పెట్టే పని విశాఖ నుంచి వచ్చిన డిజైనరు చేసింది. మిల్లు క్యాలెండరు కోసం ఎప్పుడో తీయించిన పనివాళ్ల ఫొటోల కట్ట గుమాస్తా తెచ్చిస్తే, వెనక రాసిన పేర్లూ, పనిచేసిన ఏళ్లూ చూసి బోర్డులు రాయించింది. వైకుంఠరావు ఫ్రేములు బాగున్నాయన్నాడు. ఫ్రేములోని మొహాలు ఆయన ఎందుకు చూస్తాడు?

చూసింది సుధారాణి. మిల్లు మానేసి ఆ హోటల్లో గదులు తుడిచే పనికి కుదిరింది. ఆరేళ్లుగా ఆ గుమ్మం తొక్కని మనిషి, ప్రారంభానికి నాలుగు రోజుల ముందు జీవరత్నమ్మ ఇంటికి వచ్చి వాకిట్లోనే నిలబడింది.

"అప్పా, మూడో గదికి నీ పేరు ఎట్టినారు. నీ పొటో ఉంది. ఇరవై రెండేళ్లు మా మిల్లులో జీడిపిక్కలు కొట్టిన సేతులని ఇంగిలీసులోనూ తెలుగులోనూ రాసినారు. రోజూ నీ మొకం మీద దుమ్ము నానే తుడుత్తన్నాను. సచ్చిపోతన్నాననుకో."

జీవరత్నమ్మ లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు. "ఆ గది తాళం ఎవుల కాడ ఉంటాది?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పలాస బజారుకు వెళ్లి సంతకాల దగ్గర వాడే సిరా ప్యాడు ఒకటి కొంది. విచారణ నాటి ప్రమాణపత్రం నకలు పెట్టెలోంచి తీసింది. రెండూ సంచిలో పెట్టుకుంది.

ప్రారంభం రోజు పొద్దున సన్నాయి మోగుతోంది. వంటవాళ్లు, తోటమాలులు, గదులు తుడిచేవాళ్లు, అందరూ ఆమె వీధి వాళ్లే. వైకుంఠరావు పట్టు కండువా వేసుకుని సోల్వైకి ఒక్కో గదీ చూపిస్తున్నాడు. పక్కన ఇంగ్లీషులో చెప్పడానికి రిసెప్షనులో పనిచేసే ఇవాంజెలిన్ ఉంది. మూడో గది తలుపు తోసేసరికి మంచం మీద, తన ఫొటో కింద, జీవరత్నమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

సోల్వై ఫొటో వంక చూసింది, మనిషి వంక చూసింది. ఆమె మొహం విప్పారింది. "మా ఊళ్లో ఆచారం ఉంది, గదికి ఎవరి పేరు పెడితే మొదటి రాత్రి వాళ్లే పడుకోవాలి. మీరూ అది పాటించారన్న మాట!" అంది. ఇవాంజెలిన్ ఆ మాట తెలుగులో చెప్పింది.

ఆ మొహం ఎక్కడ చూశాడో వైకుంఠరావుకు ఇప్పుడు గుర్తొచ్చింది, గేటు దగ్గర కాదు, విచారణలో. అయినా వ్యాపారస్థుడు కదా, వెంటనే నవ్వు తెచ్చుకుని, "శాలువా తెండి, శాలువా!" అని కేకేశాడు.

"శాలువా ఒద్దు బాబూ. నాను మీ మిల్లులో ఎన్నేళ్లు పనిసేసినాను? అందరికీ ఇనపడేలా సెప్పు."

"ఇరవై రెండేళ్లు. బోర్డు మీద రాశాం కదా తల్లీ."

గుమ్మం దగ్గర గుమిగూడిన వాళ్లు ఒకరి మీంచి ఒకరు లోపలికి తొంగిచూశారు. దొంగ కేసని నవ్విన వాళ్లే వాళ్లంతా. జీవరత్నమ్మ సంచిలోంచి ప్రమాణపత్రం తీసి ఇవాంజెలిన్ చేతికిచ్చింది. "సదువమ్మా. ముందు తెలుగులో, తరవాత ఆవిడ బాసలో." ఇవాంజెలిన్ రెండు భాషల్లోనూ చదివింది. అతుక్కుపోయిన వేళ్లను జీవరత్నమ్మ పైకెత్తి పట్టుకుంది.

సోల్వై ఆ చేతిని చూసి, వైకుంఠరావు వైపు తిరిగింది. "బోర్డు నిజమా, ఈ కాగితం నిజమా?"

ఏది అబద్ధమన్నా ఆయన మునిగినట్టే. నుదుట చెమట కండువాతో తుడుచుకుని, "బోర్డే" అన్నాడు.

"ఆ ముక్క ఈ కాయితం ఎనకాల రాయి. సంతకం ఒక్కటీ సాలదు." జీవరత్నమ్మ సిరా ప్యాడు తెరిచి ముందుకు తోసింది. "ఏలిముద్ర ఎయ్యి."

సోల్వై ఎదురుగా ఉంది, చేతిలో నోట్సు పుస్తకం ఉంది. వైకుంఠరావు రాశాడు, సంతకం చేశాడు, బొటనవేలు నొక్కాడు. ఒక్కో గీతా విడివిడిగా, అచ్చు గుద్దినట్టు పడింది. జీవరత్నమ్మ ఆ ముద్రను వెలుతురుకు పెట్టి చూసింది. "ఎంత బాగుందో సూడండర్రా! నాకూ ఉండీవి ఇలాటి గీతలు. ఈ బాబు మిల్లులోనే ఒగ్గేసినాను" అంది. సుధారాణి కొంగు నోట్లో కుక్కుకుంది.

తప్పు ఒప్పుకున్న మనిషితో పని చేయగలనంది సోల్వై. వైకుంఠరావు ఊపిరి పీల్చుకున్నాడు. ఆచారం ప్రకారం ఆ రాత్రి జీవరత్నమ్మ తన గదిలో తనే పడుకుంది, హాయిగా నిద్రపోయింది కూడా.

ఆచారంలో ఇంకో ముక్క ఉంది. మొదటి పొద్దున టిఫిను యజమానే తెచ్చి పెట్టాలి. వైకుంఠరావు ఉప్మా పళ్లెంతో వచ్చి నిలబడ్డాడు. నెయ్యి కారుతున్న ఉప్మాలో విరగని జీడిపప్పు గుండ్లు మెరుస్తున్నాయి. ఇరవై రెండేళ్లలో ఆ మిల్లు పప్పు ఒక్క బద్ద ఆమె నోట్లోకి పోలేదు. ఇప్పుడు ఒక్కో పప్పూ ఏరుకుని, ఆయన కళ్లలోకి చూస్తూ, తీరిగ్గా నమిలింది.

"ఉప్పు తక్కువైనాది బాబూ" అని చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. కాగితం నీళ్ల గ్లాసు కింద వదిలి మరీ వెళ్లింది. దాన్ని ఇవాంజెలిన్ రాత్రే ఫోనులో ఫొటో తీసిపెట్టింది. తిరిగొచ్చేసరికి గ్లాసు ఉంది, కాగితం లేదు. పళ్లెం పట్టుకున్న మనిషి పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. జీవరత్నమ్మ సంచి భుజాన వేసుకుంది.

సాగనంపడానికి వైకుంఠరావు, సోల్వై, ఇవాంజెలిన్, పనివాళ్లూ గేటు దాకా వచ్చారు. గేటు దగ్గర జీవరత్నమ్మ కాళ్లు వాటంతటవే ఆగాయి, చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది. కొంగు విప్పి, బాగా దులిపి, వైకుంఠరావుకు చూపించింది.

"నా కొంగులో ఏటీ నేదు, సూసుకో. ఇప్పుడు నువ్వు దులుపు."

"ఏంటిది, అందరి ముందూ!"

"మాకు మాత్తరం అందరి ముందూ కాదేటి? దులుపు బాబూ."

ఇవాంజెలిన్ ఇదంతా సోల్వైకి ఇంగ్లీషులో చెప్పేస్తోంది. తప్పనిసరై కండువా దులిపాడు, ఏమీ రాలలేదు. "జేబు" అంది జీవరత్నమ్మ. ఆయన చెయ్యి చటుక్కున జేబు మీద పడింది. ఆ చెయ్యే పట్టించింది. సుధారాణి పనివాళ్ల వరసలోంచి విసవిసా ముందుకొచ్చి, యజమాని అన్న జంకు లేకుండా ఆ చెయ్యి పక్కకు లాగి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. బొటనవేలి ముద్ర పైకి కనిపిస్తోంది.

"నాను సూసినాను. ఈసారి ఎక్కడికి పిలిసినా ఒచ్చి సెప్తాను. ఈవిడ జీవరత్నమ్మ. నా పక్క బల్ల" అంది సుధారాణి.

సోల్వై నోట్సు పుస్తకం మూసి సంచిలో పడేసుకుని, కారెక్కేసింది. వెనక ఎవరో పనివాడు, "దొంగ బాబు" అని గొణిగాడు. ఆ పేరు వైకుంఠరావు ఇంటికి చేరేలోపే పలాస చేరింది.

వారం తిరక్కుండా కేసు మళ్లీ తెరవమని అర్జీ పడింది. ఆదివారం చర్చిలో సుధారాణి కూడా వెనక వరసలో కూర్చుంది. ప్రార్థన ఆ వాక్యం దగ్గరికి వచ్చింది. పాస్టరు గారు ఆశగా చూశారు. జీవరత్నమ్మ పెదాలు ఎప్పటిలాగే బిగుసుకున్నాయి. బయటికి వచ్చాక ఆయన ఉండబట్టలేక, "ఇంకా ఎందుకమ్మా?" అన్నారు.

"తొందరేటి పాస్టరు గారూ? ముందు తీర్పు రానీయండి" అంది జీవరత్నమ్మ. "ఆడు జైలుకెల్లిన ఆదివారం మీకంటే గట్టిగా సెప్తాను."