తడిసిన నూలు తూకం

సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన దేవయ్య కాంటా మీద నూలు తప్ప ఇంకేదీ పెట్టి ఎరగడు. పోయినేడు తానే ఎక్కవలసి వచ్చింది.

ఆయన గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండెజబ్బు అనగానే నూనె వద్దు, పప్పు వద్దు, గుడ్డు వద్దని ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఆయన అన్నీ మానేసి గంజి మీద, చాయ మీద బతికాడు. కోరుట్ల నుంచి చూడటానికి వచ్చిన బిడ్డ రచన, వదులైన బాపు చొక్కా చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. మర్నాడే జగిత్యాలలో తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

"నలభై మూడు కిలోలేనా?" అన్నదావిడ. "గిట్లుంటే హైదరాబాద్‌ల ఆపరేషన్‌కు తీసుకోరు. కవాటం వాళ్లు మారుస్తరు. గాయం మానాలంటే మీ ఒంట్ల బలముండాలె. గుడ్డు, పప్పు, పెరుగు, కొంచెం కొంచెం ఆరుసార్లు తినుండ్రి. ఉప్పు మాత్రం తగ్గియ్యాలె."

ఉప్పు తక్కువైన పప్పు చూస్తే దేవయ్య మొహం తిప్పుకునేవాడు. భార్య లీలకు ప్రాణం ఒప్పలేదు. ప్రతి ముద్దకూ ఇంత మామిడికాయ తొక్కు అంటించింది. ముద్ద దిగింది. పక్కింటి నర్సయ్య షెడ్డులో నూలు బస్తాలు తూచే కాంటా ఉంది. దేవయ్య రోజూ దానిమీద ఎక్కేవాడు. పది రోజులకు నలభై ఆరున్నర!

"సూసినవా నా చేతి బువ్వ!" అంది లీల. "బిడ్డకు ఫోన్ చెయ్యి. ఆపరేషన్ డేట్ అడుగుమను."

"పది దినాలల్ల మూడున్నర కిలోలా బావా? గొర్రెపిల్లలు గూడ గిట్ల బలవవు!" అన్నాడు నర్సయ్య.

దేవయ్య నవ్వలేదు. రెండు రోజులుగా చెప్పులు బిగుతుగా ఉన్నాయి. బస్తా మీద కూర్చుని, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీశాడు. గుంట పడి అట్లాగే ఉండిపోయింది.

"లీలా, గిది తడిసిన నూలే," అన్నాడు మెల్లగా. "వానకాలం బస్తా ఎట్లుంటది? కాంటా మీద ఎక్కువ, సాంచె మీద తక్కువ."

"నేను వెట్టిన తొక్కుతోనేనా?"

"నువ్వు వెట్టినవ్, నేను తిన్న. నడువు, బస్సు దొరుకుతది."

డాక్టరమ్మ తిట్టలేదు. "ఇది కండ కాదు పెద్దాయనా, నీరు. మంచి టైముకు పట్టిన్రు," అని మాత్రలు రాసింది. వారానికి కాంటా నలభై రెండు చూపింది. లీల ఏడ్చింది. దేవయ్య మాత్రం అసలు తూకం తెలిసిందని కుదుటపడ్డాడు.

తొక్కు జాడీ రచన వెంట కోరుట్లకు పోయింది. పప్పులోకి నిమ్మకాయ, వెల్లుల్లి, జీలకర్ర వచ్చాయి. పొద్దున గుడ్డు, నడుమ ఉడికించిన పెసలు, రాత్రి పెరుగు. రెండు ముద్దలకే అలసిపోయేవాడు. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ తినేవాడు. ముప్పై ఏళ్లు తెగిన పోగులు ముడివేసిన ఓపిక అది. మూడు నెలలకు నలభై ఆరు అయ్యాడు, కాళ్లలో వాపు లేకుండా. డేట్ వచ్చింది.

ఆపరేషన్ అయి ఇప్పటికి ఆరు నెలలు. కుట్లు చక్కగా మానాయి. రోజూ పొద్దున బస్టాండ్ దాకా నడిచి వస్తున్నాడు. చుట్టపుచూపుగా నేను వాళ్లింటికి వెళ్లిన నాడు కాంటా మీద నిలబడి "నలభై తొమ్మిది!" అని కేకేశాడు.

లీల నమ్మలేదు. "ముందుగాల కాలు జాపు," అంటూ వంగి బొటనవేలితో గట్టిగా నొక్కింది. గుంట పడలేదు.

"ఎండిన నూలే," అంది. ఇంకో గుడ్డు ఉడకెయ్యడానికి ఇంట్లోకి పోయింది.