మనవరాలిని ఎత్తుకోవడానికి అనుమతా? డండాక్ నుంచి లీక్స్‌లిప్ దాకా

నాకు మనవరాలు పుట్టిందండీ! మూడు కిలోల పైన బరువు, తలనిండా జుట్టు, అచ్చం మా అమ్మ ముక్కు! దేవుడికి వేయి స్తోత్రాలు! ఇంత సంతోషంలోనూ ఈ ప్రయాణం గురించి రాస్తుంటే ఒళ్లు మండుతోంది. పిల్లల దగ్గరికి ఐర్లాండ్ వచ్చే పెద్దవాళ్లు, ముఖ్యంగా వేరే దేశం వియ్యపువారు ఉన్నవాళ్లు, ఇది చదివి మరీ బయల్దేరండి.

నేను డండాక్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. అమ్మాయి సునీత నర్సు. యూరున్ అనే డచ్ కుర్రాణ్ణి పెళ్లి చేసుకుని లీక్స్‌లిప్‌లో కాపురం ఉంటోంది. అల్లుడికి అక్కడ కంప్యూటర్ చిప్‌లు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. పురిటి పనికని మా ఆవిడ మరియమ్మ నెల ముందే వాళ్లింటికి వెళ్లింది. పాప ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిందనగానే రేపే వస్తానన్నాను. "ఎల్లుండి రెండింటికి రా నాన్నా. అత్తయ్య అందరికీ టైమ్‌లు రాసి పెట్టింది" అంది అమ్మాయి. టైమా! తాతకి టైమా!

మర్నాడే పొద్దున్న ఎనిమిదిన్నరకి డబ్లిన్ బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం, టికెట్టు పది యూరోల పైచిలుకు. బాలింతకని వెల్లుల్లి కారం సీసాలున్న సంచిని పక్క సీట్లో పెట్టుకోవచ్చా అని డ్రైవర్ని అడిగాను. "వర్క్ అవే, యు ఆర్ గ్రాండ్" అన్నాడు. పెట్టుకోండి, ఏం పర్లేదని అర్థం. ఇక్కడివాళ్లు అంత హాయి మనుషులు! బస్సు దిగి ఐదు నిమిషాలు నడిస్తే కానలీ రైల్వే స్టేషన్. అక్కడ మేనూత్ వైపు వెళ్లే రైలెక్కితే నలభై నిమిషాల్లో లీక్స్‌లిప్. పదకొండున్నరకల్లా తలుపు కొట్టాను.

తలుపు తీసింది వియ్యపురాలు అనెకే. తాటిచెట్టంత మనిషి. నన్ను చూసి, గడియారం చూసి, "టుమారో. టూ ఓ క్లాక్" అంది.

"టుడే!" అన్నాను నేను.

లోపలికైతే రానిచ్చింది. చేతులు శుభ్రంగా కడుక్కుని ఉయ్యాల మీదికి వంగానో లేదో, చెయ్యి అడ్డం పెట్టింది. "ఫస్ట్ యు ఆస్క్."

"వై ఆస్క్? మై డాటర్ బేబీ!"

సోఫాలో పడుకున్న సునీత నీరసంగా అంది: "వాళ్లింట్లో అంతే నాన్నా. కిటికీ తియ్యాలన్నా, బిస్కట్ తీసుకోవాలన్నా 'మాఖ్ ఇక్?' అంటారు. చెయ్యొచ్చా అని. ఒక్క మాటే కదా!"

ఇంతలో ఆ అనెకే పాప మీదికి వంగి, "మాఖ్ ఇక్?" అని నాలుగు రోజుల పసిగుడ్డునే అడిగి మరీ డైపర్ మార్చింది! నా కోపం నషాళానికంటింది. బూట్లు తొడుక్కుని బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. పాపను ముట్టుకోకుండానే మధ్యాహ్నం రైలుకి వెళ్లిపోదామని గట్టిగా అనుకున్నాను.

మరియమ్మ పళ్లెం తెచ్చింది. గుండ్రటి రస్కు, దాని మీద వెన్న, ఆపైన పంచదార పూత పూసిన సోంపు గింజలు, గులాబీవీ తెల్లవీ. "తిను. పాప పుడితే వాళ్లు పంచేది ఇదే."

"ఎవర్నడిగి తినాలో!"

"అడిగితే నోరరిగిపోద్దా? ఆవిడ మాత్రం అడగలేదా? పాప ఇంటికొచ్చిన రోజు సునీత నిద్రపోతా ఉంది. లేపలేక, అడక్కుండా ఎత్తుకోలేక, ఉయ్యాల పక్కన మూడు గంటలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఎత్తుకోమన్నా ఎత్తుకోలా. తల్లి చెప్పాలంట. తల్లంటే నువ్వూ నేనూ కాదయ్యా, సునీత!"

రస్కు చేతిలోనే ఉండిపోయింది. నా కూతుర్ని నేను ఏనాడూ ఏదీ అడిగి ఎరగను. అడగడం దాని వంతు. నర్సింగ్‌లో చేరనా నాన్నా, ఐర్లాండ్ వెళ్లనా నాన్నా. యూరున్‌ని చేసుకోనా అని అడిగినప్పుడైతే ఔననీ కాదనీ చెప్పకుండా ఎనిమిది నెలలు ఫోన్ పెట్టేస్తూ వచ్చాను.

లోపలికి వెళ్లాను. "సునీతా, మాఖ్ ఇక్?" అన్నాను. గొంతు కోపంగానే వచ్చింది.

"యా హోర్, నాన్నా" అంది. ఓ, అలాగే అని. అనెకే "ఖా యె ఖాంగ్" అంటూ పక్కకు జరిగింది. కానివ్వండి అని. నాకు ఎనిమిది నెలలు పట్టిన మాట నా బిడ్డకి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

పాప నా చేతుల్లోకి వచ్చాక ఏడ్చానో నవ్వానో తెలీదు. తాతకి టైమ్ ఇవ్వడమేమిటన్న కోపం ఇప్పటికీ ఉంది. అంతకంటే ఎక్కువ కోపం నా మీద నాకుంది. కూతురు నోరు తెరిచి అడగడమే మర్యాద అనుకున్నాను గానీ, అడిగినవాళ్లకి జవాబు చెప్పడం కూడా మర్యాదేనని ఈ వయసులో తెలిసింది. డచ్‌వాళ్లింటికి వెళ్లేవాళ్లకి ఒకటే చెబుతాను: చెప్పిన రోజున, చెప్పిన టైమ్‌కే వెళ్లండి, 'మాఖ్ ఇక్' అని అడిగాక జవాబు వచ్చేదాకా చెయ్యి చాచకండి.

ఈ కబురు ఇంకా చెప్పాల్సినవాళ్లు: తెనాలి పెద్దన్నయ్య, చీరాల చెల్లెలు రూతమ్మ, బాపట్ల ఏసుదాసు మామయ్య, మరియమ్మ అక్కచెల్లెళ్లు ముగ్గురూ, ఇంకా మా బావ జాన్‌రత్నం. ఆ పెళ్లికి ఒప్పుకోవద్దని ఎనిమిది నెలలూ నాకు నూరిపోసింది ఆయనే. ఆయనకి మాత్రం ఎవరూ చెప్పకండి, నేనే చెబుతాను.