ఐడియా ఎవరిదని అడిగితే

2022లో నేను ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక యూనివర్సిటీలో గ్రాంట్స్ ఆఫీసర్‌ని. పరిశోధన నిధుల కోసం పరిశోధకుల చేత అప్లికేషన్లు రాయించడం, ఇంటర్వ్యూలకు తయారుచేయడం నా పని. ఎవరి పెళ్ళికో మేళం వాయించే ఉద్యోగం అని మా ఆయన ఎగతాళి.

శ్రావణిది తెనాలి. అవయవ మార్పిడి ల్యాబులో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక ఇంకొకరి కింద చేసే కాంట్రాక్టు ఉద్యోగం. దానంగా వచ్చిన కిడ్నీల్లో కొన్నింటిని సన్న నాళాల్లో రక్తం గడ్డకట్టిందని పారేస్తారు. వాటిని మిషన్ మీద పెట్టి, మందు పారించి బాగుచేయొచ్చన్నది ఆ పిల్ల ఆలోచన. వాళ్ళ ప్రొఫెసర్ మొదట్లో నవ్వి కొట్టిపారేశాడు. సెలవు రోజుల్లో తనొక్కతే పంది కిడ్నీల మీద చేసి చూపించింది.

కొత్త పరిశోధకులు సొంతకాళ్ళ మీద నిలబడడానికి ఇచ్చే ఫెలోషిప్‌కి అప్లై చేయించాను. వస్తే తన పని తనదే. రాకపోతే వేసవికి కాంట్రాక్టు అయిపోతుంది, దానితో వీసా కూడా.

మాక్ ఇంటర్వ్యూలో అడిగాను, "ఈ ఐడియా ఎవరిది?"

"మా ప్రొఫెసర్ గారి చలవ ఆంటీ."

"చలవ సంగతి తర్వాత. ఎవరికి తట్టింది?"

"నాకే. కానీ ఆయన ల్యాబులో ఉంటూ నాదీ నాదీ అంటే ఏం బావుంటుంది?"

"ఇక్కడ నీదని చెప్పకపోతే నీకివ్వరమ్మా!" అని కోప్పడి, నాదే అని చెప్పించేదాకా వదల్లేదు.

అసలు ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ చేసింది. ప్యానెల్‌లో రోగుల తరఫున, కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఒక పెద్దావిడ ఉందట. "ఎంత మంచి ఆలోచన! ఎవరికొచ్చింది?" అని ఆప్యాయంగా అడిగిందట.

"పెద్దావిడ అలా మెచ్చుకునేసరికి, అంతా మా ప్రొఫెసర్ గారిదే అనేశాను ఆంటీ."

ఫెలోషిప్ రాలేదు. ఐడియా ప్రొఫెసర్‌దని తనే చెప్పిందని, సొంత ఆలోచన కనబడలేదని ల్యాబుకి రాసి పంపారు. వేసవిలో శ్రావణి సామాను సర్దుకుంది.

ఆ తర్వాతి ఏడాది అదే ఐడియాతో, అదే ల్యాబులోని ఇంకో కుర్రాణ్ణి వెంటబెట్టుకుని ప్రొఫెసర్ వచ్చాడు.

"ఇది శ్రావణిది కదా?" అన్నాను.

"నాదని ప్యానెల్ ముందు తనే చెప్పిందిగా" అన్నాడు, ఏ మాత్రం తొణక్కుండా. నాకు ఒళ్ళు మండిపోయింది. మా హెడ్ దగ్గరికి వెళ్తే, ఆ అమ్మాయే ఒప్పుకున్నాక మనమేం చేస్తాం అన్నాడు. ఉద్యోగధర్మం కాబట్టి ఆ కుర్రాడికీ మాక్ ఇంటర్వ్యూ చేశాను. ఐడియా తనదేనని కళ్ళలోకి చూసి చెప్పాడు. ఫెలోషిప్ వచ్చింది.

శ్రావణి ఇప్పుడు హైదరాబాద్‌లో డయాలసిస్ మిషన్లు అమ్మే కంపెనీలో ఉంది. విషయం తెలిసి, "పని ఆగలేదుగా ఆంటీ, పేషెంట్లకి మేలే కదా" అంది. మేలే. కాదనలేకపోవడమే నా మంట.

పెద్దవాళ్ళ ముందు గొప్పలు చెప్పుకోకూడదని మనం పిల్లలకి నేర్పుతాం. ఆ మర్యాద తెలిసినవాడి దగ్గరే అది మర్యాద. తెలియనివాడు దాన్ని కూడా జేబులో వేసుకుపోతాడు.