ఆగిన చోటల్లా చుక్కలు

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ చీపురమ్మ అంటారు. పాపం, ఆవిడ ఊడ్చేది గదుల్ని కాదు, కంప్యూటర్లోని చుక్కల్ని. నీటి గొట్టాల పటం గీయడానికి సర్వేవాళ్లు వీపున యంత్రం తగిలించుకుని, గొట్టం వెంబడే వీధులన్నీ నడుస్తారు. యంత్రం తానున్న చోటుని పటంలో క్షణానికో చుక్కగా పెట్టుకుంటూ పోతుంది. మనిషి ఆగినా అది ఆగదు, ఉన్నచోటే అటూ ఇటూగా చుక్కలు కుప్ప పోస్తుంది. ఆ కుప్పలు వదిలేస్తే పటంలో గొట్టం అడ్డదిడ్డంగా వంకర్లు పోతుంది. వాటిని వెతికి తీసెయ్యడమే చీపురమ్మ ఉద్యోగం.

ఆ నడిచేవాళ్లలో ఆవిడ మొగుడూ ఒకడు. మహా మాటకారి. కుప్పలన్నిట్లోనూ అతనివే ఎక్కువ. కబుర్లకి ఆగడం వల్లేనని ఆవిడ నమ్మకం.

"ఇవాళ ఎవరితోనండీ అన్నేసి కబుర్లు? మీ కుప్పలు తీయలేక నా వేళ్లు అరిగిపోతున్నాయి" అనేది ఇంటికొచ్చాక.

"పలకరించకపోతే జనం మూతి ముడుచుకోరటే?" అని నవ్వి, గుమ్మంలోనే చాలాసేపు కూలబడి ఉండేవాడు.

వానలు మొదలయ్యాక అతని కుప్పలు మరీ పెరిగాయి. ఆవిడ విసుక్కుంటూనే తీసేసింది. ఒక మధ్యాహ్నం, నీరు ఎటు పారుతుందో చూడటానికి పటం మీద ఎత్తుపల్లాల గీతలు పరిచింది. మొగుడి కుప్పలు ఇంకా తీయలేదు. చూస్తే అన్నీ ఎత్తు ఎక్కే దారుల్లోనే ఉన్నాయి. దిగే దారిలో మచ్చుకైనా ఒక్కటి లేదు. కబుర్లకి ఎత్తేమిటి, పల్లమేమిటి? ఎక్కేటప్పుడే ఆగుతున్నాడంటే, అది ఆయాసమే.

అతను ఆవేళ నడిచే వీధి ఆవిడకి తెలుసు. చేతిసంచీ కూడా మరిచిపోయి పరుగెత్తింది. ఎత్తు మధ్యలో గోడకి ఆనుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల పిట్టమనిషి లేడు.

"ఎవరితోనండీ కబుర్లు?" అంది అతని భుజం పట్టుకుని.

అతను నవ్వబోయాడు గాని ఊపిరి అందలేదు.

ఆసుపత్రిలో పరీక్షలయ్యాక డాక్టరమ్మ, "గుండె నీరసించింది. సమయానికే తెచ్చారు, మందులతో కుదుటపడుతుంది. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

"మొన్నటి నుంచేనండీ" అన్నాడు అతను నేలచూపులు చూస్తూ.

"కాదండీ, వానలు మొదలైనప్పటి నుంచి" అంది చీపురమ్మ. "రోజూ నా కళ్లముందే ఉంది. ఎక్కడెక్కడ ఊపిరాడక ఆగిపోయారో అన్నీ కనిపించాయి. నా చేత్తో నేనే తుడిచేశాను."

అంతవరకూ బిగపట్టిన ఏడుపు ఇక ఆగలేదు. అతను మంచం మీద నుంచే ఆవిడ చెయ్యి అందుకున్నాడు.

"నువ్వు తుడుస్తావని తెలిసే కదే, ధైర్యంగా ఆగేవాణ్ణి" అన్నాడు.