దీపం తగిలిన ఫిల్మ్

రెడ్డెప్పకు ఫొటోల పిచ్చి పుంగనూరులో పట్టుకుంది. డెబ్బై నాలుగు నాటి సంగతి. చౌడేపల్లె పక్క పల్లె నుంచి రోజూ పొద్దున్నే సైకిల్ మీద పాలు తెచ్చి పోసేవాడు. ఖాళీ క్యాన్లతో తిన్నగా ఇంటికి పోవచ్చు కదా, పోడు. వరదరాజులు స్టూడియో ముందు సైకిల్ ఆపి, అద్దాల వెనక ఫొటోలు చూస్తూ నిలబడేవాడు. ఇరవై ఆరేళ్ల మనిషి, ఇంటి దగ్గర నాలుగెకరాల మెట్ట ఎదురుచూస్తోంది, అయినా నిలబడేవాడు. చూసి చూసి వరదరాజులే లోపలికి పిలిచి, ప్రింట్లు కడిగే పని అప్పజెప్పాడు. ఆరు నెలలు కడిగాడు. ఒక్కసారి కెమెరా తాకనిస్తే ఒట్టు.

మిగిలిన చదువు మదనపల్లెలో అయింది. అక్కడి కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లక్ష్మీపతి దగ్గర ఫొటోగ్రఫీ మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. రెడ్డెప్ప తొమ్మిదో తరగతితో బడి మానేసినవాడు. ఆదివారం బస్సెక్కి వెళితే, ఆయన వరండాలో కూర్చోబెట్టుకుని ఒక్కో పేజీ తెలుగులో చెప్పేవాడు, ఇతను పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాడు. ఎండలో లెన్సు కన్ను ఎందుకు చిన్నది చెయ్యాలో ఎంతకీ తలకెక్కకపోతే, గోడ మీద ఎండలో పడుకున్న పిల్లి కళ్లు గీతల్లా సన్నబడటం చూపించాడు. అంతే, జన్మలో మరచిపోలేదు. అంత ఓపిక ఉన్న అయ్యవార్లు ఇప్పుడు ఎక్కడున్నారని రెడ్డెప్ప అంటాడు. నిజమే, ఎక్కడున్నారు?

ఇక కెమెరా. కుప్పం రైల్వే స్టేషన్లో పనిచేసే ఒకాయన బదిలీ మీద వెళ్లిపోతూ, పైనుంచి తల వంచి చూసే పాత కెమెరా అమ్ముతున్నాడని తెలిసింది. రెడ్డెప్ప వెనకా ముందూ చూడకుండా, పూటకు నాలుగు లీటర్లు ఇచ్చే ఆవును అమ్మేసి, కుప్పం వెళ్లి దాన్ని తెచ్చుకున్నాడు. తల్లి మునెమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. ఆ ఆవును దూడగా ఉన్నప్పటి నుంచి సాకింది ఆమె.

"పాలిచ్చేదాన్ని తోలేసి కండ్లుండే డబ్బా తెచ్చినావు. ఒక్క పెండ్లి సూస్తా. అది సరిగ్గా తీయకపోతే డబ్బా అటక మీదికి, నువ్వు మడక పట్టి దున్నేదానికి" అని తేల్చి చెప్పింది.

ఆ కెమెరాలో కుడి ఎడమలు తారుమారు. మనిషి ఇటు జరిగితే బొమ్మ అటు జరుగుతుంది. అలవాటు కావడానికి ఫిల్మ్ లేకుండానే మిగిలిన ఆవుల వెంట తిరిగాడు. ఆవులకు పెళ్లి సంబంధాలు చూస్తున్నాడని ఊళ్లో నవ్వారు. నవ్వితే నవ్వనీ.

చివరికి ఆ ఒక్క పెళ్లి వచ్చింది. చౌడేపల్లెలో వెంకటరమణప్ప కూతురిది. అదే ముహూర్తానికి తనకు వేరే పెళ్లి ఉండటంతో వరదరాజులు దీనికి రెడ్డెప్పను పంపాడు. ఒకే ఫిల్ము రోలు, పన్నెండు ఫొటోలు. పన్నెండూ గుండె చిక్కబట్టుకుని తీశాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, వేరుశనగ మూటలు వేసే గది కిటికీకి గొంగళి కట్టి, గడియ లేని తలుపు మూసి, కటిక చీకట్లో ఫిల్మును మందునీళ్ల తొట్టిలో ఆడించడం మొదలుపెట్టాడు. వెలుతురు సోకిందంటే ఫిల్మంతా నల్లబడిపోతుంది. తలుపు తీయవద్దని అమ్మకు చెప్పే కూర్చున్నాడు.

కానీ సందె వేళయింది. ఆ వేళకు ఇంట్లో ఏ గదీ చీకటిగా ఉండకూడదని నలభై ఏళ్లుగా గదిగదికీ దీపం చూపిస్తున్న మనిషి మునెమ్మ. అందులోనూ పంట ఉండే గదికి మొదట చూపించాలి. కాళ్లు వాటంతట అవే నడిచాయి. కొడుకు మాట గుర్తుకొచ్చేసరికి తలుపు తోసేసింది, దీపం లోపలికి వచ్చేసింది. పన్నెండు ఫొటోలూ పోయాయి.

రెడ్డెప్ప నల్లబడిన ఫిల్మును ఆ దీపానికే ఎదురుగా పట్టి బొమ్మల కోసం వెతికాడు. నాలుగు మాటలు అని ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

తెల్లవారగానే, పెళ్లికూతురు అత్తారింటికి బయలుదేరక ముందే, మునెమ్మ కొడుకునూ, కొత్త ఫిల్ము వేసిన కెమెరానూ వెంటబెట్టుకుని చౌడేపల్లెకు నడిచింది. సంగతి విని వెంకటరమణప్ప ఇంటివాళ్లు ముఖాలు మాడ్చుకున్నారు. పెళ్లి బొమ్మలు నల్లబడటం కీడని ముసలివాళ్లు గొణిగారు.

"దీపం తెచ్చింది నేను, నా కొడుకుది తప్పు లేదు" అంది మునెమ్మ. "సందె దీపం తగిలి పోయినాయి గానీ, చీకటి తగిలి పోలేదు. దీపం తగిలితే కీడు ఎట్లయితాదప్పా?"

వెంకటరమణప్ప పిల్లకూ అల్లుడికీ పెళ్లిబట్టలు మళ్లీ కట్టించాడు. తాళి రెండోసారి కట్టకూడదు కనుక, పెళ్లికొడుకు ఊరికే ఆమె మెడ వెనక చేతులు పెట్టి నిలబడ్డాడు. ముందురోజు తల ఎత్తని పిల్ల ఈ నాటకానికి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు ఫొటోలో చూశాక వరదరాజులు, చౌడేపల్లె వైపు పెళ్లిళ్లన్నీ ఇక రెడ్డెప్పవే అన్నాడు. డబ్బా అటకెక్కలేదు.

ఆ రోజు నుంచి మునెమ్మ పద్ధతి మారింది. సందె వేళ దీపాన్ని కొంగు చాటున పెట్టుకుని, మూసిన తలుపు బయట నిలబడి, "పెట్టొచ్చునాప్పా?" అని అడిగేది. ఇంకా రొంతసేపు అని లోపలి నుంచి వినిపిస్తే, కాళ్లు పీకుతున్నా అక్కడే నిలబడేది. దీపం వేళ ఒక్క నిమిషం తప్పనివ్వని మనిషి, కొడుకు కోసం దేవుణ్ణే తలుపు బయట ఆపింది.

ఎనభై ఏడు నాటికి రంగుల ఫొటోలు వచ్చేశాయి. ఫిల్ము రోల్స్ కుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్లి, బొమ్మలై కవర్లలో తిరిగి వస్తున్నాయి. రెడ్డెప్పకు చీకట్లో కూర్చునే పని లేదు. ఆ మందునీళ్ల వాసన, నీళ్లలో మెల్లగా తేలే ముఖాలు తలచుకుంటే దిగులేస్తుంది. గది నిండా వేరుశనగ మూటలే, కిటికీకి గొంగళి లేదు, తలుపు తీసే ఉంటుంది. మునెమ్మకు డెబ్బై దాటాయి, చూపు మందగించింది. అయినా సందె వేళకు ఆ తలుపు దగ్గర ఆగి, పెట్టొచ్చునా అని అడిగి, జవాబు కోసం నిలబడుతుంది.

అందుకని ఊళ్లో ఉన్న రోజున రెడ్డెప్ప పొద్దు గూకకముందే వచ్చి ఆ మూటల మధ్య కూర్చుంటాడు. అమ్మ అడిగాక, తొట్టిలో ఫిల్ము ఇంకోసారి ఆడించినంతసేపు ఉండి, "అయిపోయిందమ్మా, పెట్టు" అంటాడు.