మా దీవుల్లో లేని రైలు

దీదీ పోయారు. మా దీవుల ఉత్తర కొసన, డిగ్లీపూర్‌లో డ్యూటీలో ఉండగా అమ్మ ఫోన్ చేసి, ఆ ఒక్క మాటా చెప్పి ఏడ్చేసింది. మర్నాడు మా ఊరు గరాచర్మకి బస్సెక్కాను. దారంతా ఆవిడే గుర్తొచ్చారు.

రిటైరైన టీచరమ్మ ఆవిడ. పేటంతటికీ దీదీ. చేపలమ్మే మా అమ్మలాంటి ఆడవాళ్ళను సాయంత్రాలు తన వరండాలో కూర్చోబెట్టి తెలుగు చదవడం నేర్పేవారు. మొదట్లో అమ్మ వెళ్ళనంది.

"ఫోనే సదివి వినిపిస్తాది కదా దీదీ, ఈ వయసులో నాకెందుకీ గోల?"

దీదీ వాదించలేదు. అదే ఫోన్‌లోని ఏఐతో మా అమ్మ మీద ఓ చిన్న కథ రాయించి, పెద్దక్షరాల కాగితం తెచ్చి చేతిలో పెట్టారు. "నీ గురించి ఇందులో అబద్ధం రాసిందమ్మా. ఎక్కడో పట్టుకో. పట్టుకుంటే తొలి చాయ్ నీకే."

అమ్మకి రోషం పొడుచుకొచ్చింది. తనని అడక్కుండా తన గురించి రాయడానికి అదెవరట! ఆ కాగితం కోసమే వరండా ఎక్కింది. అక్షరాలు కూడబలుక్కుంటూ, చివరికో సాయంత్రం కేకపెట్టింది.

"రైలా! గరాచర్మలో రైలెక్కి డిగ్లీపూర్ ఎల్లానట! ఏ పాగల్ హై క్యా? మన దీవుల్లో రైలేటి?"

దీదీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ చాయ్ గురించి అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అప్పట్నుంచి అదే పాఠం. ఏఐ రాయడం, వీళ్ళు తప్పులు పట్టడం. చదువుతున్నంతసేపూ ఫోన్ బోర్లా పెట్టి, దాని మీద కళ్ళజోడు డబ్బా పెట్టేవారు దీదీ. దాని మీద ఆవిడకి కోపమూ లేదు, భక్తీ లేదు. "అది చెప్పింది వినండి. నిజమో కాదో మాత్రం మీరే చూసుకోండి" అనేవారు. ఓసారి ఒక ఆఫీసరొచ్చి, పెద్దవాళ్ళు ఏఐతో చదువుకుంటే దేశం ఎక్కడికో వెళ్ళిపోతుందని ఉపన్యాసమిచ్చారు. ఆయన జీపు కదలగానే దీదీ అన్నారు: "దేశం ఎక్కడికైనా వెళ్ళనీ. మనల్ని జెట్టీ మీద వదిలేసి వెళ్ళకుండా చూసుకోండి."

ఆవిడ రుణం మేమెలా తీర్చుకోగలం? మా అమ్మను జెట్టీ మీద వదిలెయ్యలేదు ఆవిడ.

ఇల్లు చేరేసరికి అమ్మ ఫోన్ పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవులూ సెప్పలేదు. దీదీ కొడుకు గ్రూపులో పెట్టినాడు. నేనే సదివినాను."

వినిపించే బొత్తాం నొక్కకుండా అమ్మ చదివిన తొలి కబురు అది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు నాకు.

"మరింకా ఏం చూస్తున్నావ్?"

అమ్మ తలెత్తలేదు. వేలు మళ్ళీ మొదటి అక్షరం మీద పెట్టింది.

"తప్పేటైనా ఉందేమోనని సూస్తన్నాను తల్లీ."